అర సెంటు ముడుపు

బాబ్జీకి తాగుడు లేదు, పేకాట లేదు, ఎవరితోనూ పేచీ లేదు. ఇన్ని లేనివాడికి ఏదో ఒకటి ఉండి తీరాలి కదా! పాత నాణేల పిచ్చి ఉంది.

ఐ.టి. ఉద్యోగాలు ఏరులై పారుతున్న రోజులవి. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్కులో మధ్యాహ్నం భోజనాల వేళ "ఒరేయ్ శీనూ" అని కేకేస్తే నాలుగు బల్లల మీంచి ముఖాలు లేచేవి. ఆదివారం వస్తే ఆ శీనులందరూ కార్ల ధరలు చెప్పుకోవడానికో, హైదరాబాదులో కొన్న ప్లాటు పక్కన రోడ్డు పడుతుందా లేదా అని వాదించుకోవడానికో ఎవరో ఒకరి ఫ్లాటులో చేరేవారు. బాబ్జీ మాత్రం భుజానికి సంచీ, జేబులో భూతద్దం వేసుకుని టాంపినీస్‌లో రైలెక్కి, ఏదో ఒక హోటల్ హాల్లో జరిగే నాణేల ప్రదర్శనకు పోయేవాడు. బ్యాంకు సాఫ్ట్‌వేరుకు పరీక్షలు పెట్టడం అతని ఉద్యోగం. ఇలా అయితే ఏమవుతుంది, అలా కాకపోతే ఏమవుతుంది అని వారమంతా పరాయివాళ్ళ తప్పులు వెదికి, ఆదివారం నాణేల అంచుల్లో గీతలు వెదికేవాడు. భోజనానికి ఎప్పుడొస్తారని భార్య మాలిని ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే జవాబు.

"వచ్చేస్తున్నా మాలినీ, ఒక్క నిమిషం, అడుగున ఇంకా ఉన్నాయి."

అడుగున అంటే చిల్లర డబ్బా అడుగున. ప్రతి వ్యాపారి బల్ల మీదా అలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. విలువైనవి అద్దం కింద పెట్టి, మిగిలినవాటిని అందులో కుమ్మరిస్తారు. చేయి పెట్టినవాడు చేయి తీయడు.

అయితే బాబ్జీ పిచ్చికి ఒక హద్దుండేది. సింగపూర్, పెనాంగ్, మలక్కా మూడూ ఒకే దొరతనం కింద ఉన్న కాలపు నాణేలు తప్ప మరోటి కొనేవాడు కాదు. పెళ్ళిరోజుకి మాలిని ఒక చెక్క ట్రే కొనిచ్చి తన గొయ్యి తనే తవ్వుకుంది. నీలం మఖ్మల్ పరిచిన ఆ ట్రేలో గుండ్రటి గుంటలన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాంట్లోకి రావలసింది 1862 నాటి రాగి అర సెంటు. ఈ ఊరిని కలకత్తా నుంచి ఏలిన కాలంలోది. ఒకవైపు రాణి, రెండోవైపు ఆకుల దండ, ఆ దండతోపాటు ‘ఇండియా స్ట్రెయిట్స్’ అన్న అక్షరాలు. నీది ఏ ఊరని ఇక్కడివాళ్ళు అడిగితే మండపేట అనీ, మండపేటకు వెళ్ళినప్పుడు అడిగితే సింగపూర్ అనీ చెప్పుకునే బాబ్జీకి, రెండు పేర్లూ ఒకే ముఖాన మోస్తున్న ఆ రాగిబిళ్ళ మీద సొంత చుట్టం మీదున్నంత ప్రేమ. దానికోసం ఏళ్ళ తరబడి తిరిగాడు.

చివరికది యర్రయ్య బల్ల మీద దొరికింది. యర్రయ్య తాత శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా కొబ్బరి తోటలకు వచ్చినవాడు. యర్రయ్య అక్కడే పుట్టి, ఉద్యోగానికి సింగపూర్ దిగి, రిటైరయ్యాక నాణేల వ్యాపారం పెట్టి, నాణేల క్లబ్బుకు కార్యదర్శి కూడా అయ్యాడు. తాత నేర్పిన తెలుగులో ఇంత అరవం, ఇంత మలయ్ కలిపి మాట్లాడతాడు.

"ఏటి బాబ్జీ, ఈయాల లేటయిపోనావు. మాకాన్ అయ్యిందేటి, తిన్నావా?" అంటూ ప్లాస్టిక్ డబ్బీలో ఉన్న నాణేన్ని ముందుకు తోశాడు.

బాబ్జీ పర్సులోంచి కార్డు తీశాడు. కానీ యర్రయ్య నోట్లు తప్ప కార్డు తీసుకోడు. ఏటీఎం కింది అంతస్తులో ఉంది. పక్కనే తెల్లగడ్డం చైనా పెద్దాయన ఒకాయన భూతద్దం సరిచేసుకుంటున్నాడు. బాబ్జీకి ఏం తోచిందో ఏమో, జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి, హాకర్ సెంటర్ హోటళ్ళలో కుర్చీ ఆపుకోవడానికి ఇక్కడివాళ్ళు పెట్టినట్టు ఆ డబ్బీ మీద పెట్టేశాడు.

"చోప్!" అని, ఇది నాదంటే నాదన్నట్టు కేకేసి మెట్ల వైపు పరిగెత్తాడు.

"డేయ్, ఇది కుర్చీ అనుకున్నావేటి? నాణేనికి చోప్ ఏటి లా!" యర్రయ్య వెనకనుంచి అరిచాడు.

కానీ పెద్దాయన ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు. టిష్యూ ప్యాకెట్ చూడగానే చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. బాబ్జీ ఆయాసపడుతూ తిరిగొచ్చేసరికి, ఇంకెవరూ ముట్టుకోకుండా ఆయనే దానికి కాపలా కాస్తున్నాడు.

ఇంటికొచ్చి బాబ్జీ చూపిస్తే మాలిని ఆ నాణేన్ని అటూ ఇటూ తిప్పింది.

"అర సెంటా! అర సెంటు నేల కొన్నా తులసికోట కట్టుకుందుం కదండీ" అంది.

బాబ్జీ వినిపించుకోలేదు. నాణేన్ని డబ్బీలోంచి తీసి గుంటలో పెట్టి, నిండిన ట్రేని చూసుకుంటూ కూర్చున్నాడు. వచ్చే నెల ప్రదర్శనలో క్లబ్బు సభ్యులు తమ తమ సేకరణలు అందరికీ చూపించాలి. ఈసారి నిండు ట్రే పెడతానని యర్రయ్యకు మాటిచ్చేశాడు కూడా.

సరిగ్గా ఆ వారంలోనే మాలిని తల్లి బంగారమ్మ మండపేట నుంచి వచ్చింది.

బంగారమ్మ అల్లుడి ఎదుట పడి మాట్లాడే మనిషి కాదు. అతను నాలుగడుగుల దూరంలో కూర్చున్నా వంటింటి గుమ్మం వెనక నిలబడి "అమ్మాయ్, అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడుగు" అనేది. బాబ్జీ కూడా తక్కువ తినలేదు, "తాగుతానని చెప్పు" అనేవాడు. మాలిని మధ్యలో తపాలా ఉద్యోగం చేసేది. అంత మర్యాద నడుస్తున్న ఇంట్లో, ఆదివారం బాబ్జీ ఈల వేసుకుంటూ సంచీ తగిలించుకుని బయల్దేరితే మాత్రం బంగారమ్మ ముఖం మాడిపోయేది. తిరిగొచ్చేదాకా కిటికీ వదిలేది కాదు. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు.

ప్రదర్శన రేపనగా శనివారం పొద్దున్న బాబ్జీ తుడుద్దామని ట్రే తెరిచాడు. అర సెంటు గుంట ఖాళీగా ఉంది.

సొరుగులు బోర్లించాడు. సోఫా దిండ్లు లేపాడు. చెత్త పీల్చే మెషీన్ సంచీ విప్పి ఇల్లంతా దుమ్ము చేశాడు. ముందురోజు వేసుకున్న ప్యాంటు జేబులు మాలిని చేత కూడా వెదికించాడు. కాసేపటికి వంటింటి గుమ్మం వెనకనుంచి గొంతు వినబడింది.

"అమ్మాయ్, అల్లుడుగారు దేనికోసం వెదుకుతున్నారో అడుగు."

"పాత రాగి నాణెమమ్మా."

"ఇండియాదా?"

మాలిని ఔనంది.

"అది దేవుడి దగ్గరుందని చెప్పు" అంది బంగారమ్మ.

పూజ అలమరలో వెంకటేశ్వరస్వామి పటం ముందు, పసుపు గుడ్డలో ఉసిరికాయంత మూట ఉంది. దానికి కుంకుమబొట్టు. ముడుపు! మాలిని తల్లిని లోపలికి లాక్కుపోయింది. గుసగుసలయ్యాయి. ఆ తర్వాత ఒక నవ్వు పగిలింది. మాలిని కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మీ నాణేల పిచ్చి వదలాలని మొక్కుకుందిట. వదిలాక తిరుపతి తీసుకెళ్ళి హుండీలో వేస్తుందిట."

"నా పిచ్చి వదలడానికి నా నాణెమేనా?"

"ఇక్కడి డబ్బులు స్వామికి చెల్లుతాయో చెల్లవోనని ఆవిడ భయం. దగ్గరున్న మన చిల్లరంతా వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో కూలీకి ఇచ్చేసింది. మీ ట్రే తుడుస్తుంటే దీనిమీద ఇండియా అని కనిపించిందిట. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని మరీ చదివింది, పాపం."

బాబ్జీ తలుపు వైపు తిరిగాడు. నాణేలవాళ్ళకు నాణెం పోవడం కన్నా పెద్ద భయం ఇంకోటుంది, తోమితే దాని విలువ పోతుందని. "కడిగారేమో అడుగు."

"పసుపునీళ్ళతోనండి" అని తలుపే జవాబిచ్చింది.

"చింతపండు...?"

"నిండుకుందండి. ఉంటే తళతళలాడించేద్దును."

ఇంట్లో సరుకు నిండుకున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్న మగవాడు బాబ్జీ ఒక్కడే అయి ఉంటాడు. కాస్త ధైర్యం తెచ్చుకుని, దాని బదులు కొత్త రూపాయి తెప్పిస్తాననీ, పదకొండు రూపాయలైనా, నూటపదహార్లైనా సరేననీ కబురు పెట్టాడు. అప్పుడు బంగారమ్మ మొట్టమొదటిసారి గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"స్వామి పేరున కట్టేసిందాన్ని మార్చుకోడానికి ఆయన దగ్గరేవన్నా బ్యాంకుందాండీ, అల్లుడుగారూ?"

బ్యాంకు సాఫ్ట్‌వేరంతా పరీక్షించే బాబ్జీకి కూడా అలాంటి బ్యాంకు ఎక్కడా తగల్లేదు. విప్పేసి తీసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. అతను మండపేటవాడు. ఏడు సముద్రాలవతల ఉన్నా ముడుపు విప్పడానికి చేతులు రావు. సోఫాలో కూలబడి, అలవాటు కొద్దీ ఆ మొక్కును కూడా పరీక్షకు పెట్టాడు. మొక్కు తీరితే ఏమవుతుంది? నాణెం తిరుపతి పోతుంది. తీరకపోతే? ఈ అలమరలోనే ఉండిపోతుంది.

"మాలినీ! అంటే ఆ నాణెం మనింట్లో ఉండాలంటే నేను పిచ్చివాడిగానే ఉండాలన్నమాట."

"దానికి మీరు కొత్తగా కష్టపడక్కర్లేదులెండి."

నవ్వుకున్నారు కానీ, బాబ్జీకి లోపల బాధగానే ఉంది. ఏళ్ళ తరబడి వెదికి తెచ్చుకున్నది ఇంట్లోనే ఉంది, కానీ కళ్ళారా చూసుకోవడానికి లేదు. రేపు పదిమంది ముందు ఖాళీ గుంట చూపించాలి. అతని ముఖం చూసి మాలిని మెత్తబడింది.

"రేపు అమ్మని కూడా తీసుకెళ్ళండి. మీరు వెళ్ళేదెక్కడికో కళ్ళతో చూస్తే కుదుటపడుతుంది. లేకపోతే ఇంకో ముడుపు కడుతుంది. ట్రేలో ఇంకా చాలా ఉన్నాయి."

ఆ చివరి మాట బాగా పనిచేసింది. మర్నాడు అల్లుడు ట్రే సంచీతో, అత్తగారు జరీ చీరతో రైలెక్కారు. ముడుపును బంగారమ్మ నడుం దగ్గర దోపుకుని వచ్చింది. అల్లుడి మీద నమ్మకం లేక కాదు, ఇంట్లో ఉన్న కూతురి మీద లేక. మొగుడి ముఖం చూసి జాలిపడి విప్పేసినా విప్పేస్తుందని ఆవిడ అనుమానం.

హాలు గుమ్మం దగ్గర బంగారమ్మ ఆగిపోయింది. లోపల వరసగా బల్లలు, దీపాలు, వాటి మీదికి వంగిన తలలు. ఆవిడ చూపు ఆ మూల నుంచి ఈ మూల దాకా ఎవరినో వెదికింది. అల్లుడి వైపు తిరక్కుండానే నెమ్మదిగా అడిగింది.

"ఓడిపోయినోళ్ళు ఎక్కడ కూచుంటారండి?"

బాబ్జీకి అర్థం కాలేదు. "ఎవరండీ?"

"మీ మావగారు పేకాడే క్లబ్బులో వెనకవైపు అరుగుండేదండి. గెలిచినోళ్ళు వీధి గుమ్మంలోంచి వచ్చేవోరు. ఓడినోళ్ళు ఆ అరుగు మీద కూచునేవోరు. నేనెప్పుడెళ్ళినా అరుగు దగ్గరికే వెళ్ళేదాన్నండి. ఆయనా ఇంతే, ఆదివారం సంచీ తగిలించుకుని, ఈల వేసుకుంటా..." అని ఆగిపోయింది. "అమ్మాయికి తెలీదండి. పొలం వరదల్లో పోయిందని చెప్పేం."

బాబ్జీ భుజం మీది సంచీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నిన్న తను పెళ్ళాంతో కలిసి నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. ఈవిడ కిటికీ దగ్గర నిలబడి చూసింది తనని కాదు, ఆ సంచీని. ఈల కూడా ఇక వేయకూడదనుకున్నాడు.

"ఇక్కడ ఎవరూ ఓడిపోరండి, అత్తయ్యగారూ" అన్నాడు. అబద్ధమాడ్డం ఇష్టం లేక వెంటనే, "డబ్బు ఖర్చవుతుందండి, నిజమే. కానీ కొన్నది ఇంటికి తెచ్చుకుంటాం. రండి, అన్నీ చూద్దురు గాని" అని ప్రతి బల్ల దగ్గరికీ తిప్పాడు. ఆవిడ నాణేలు చూడలేదు, మనుషుల ముఖాలు చూసింది. హాలు వెనక తలుపు తీసి అరుగుందేమో కూడా చూసింది. అక్కడ టీ కెటిలూ, బిస్కెట్లూ ఉన్నాయి. అప్పటికి గానీ ఆవిడ భుజాలు కిందికి దిగలేదు.

తెలుగు వినబడగానే యర్రయ్య కుర్చీ లాగాడు. "రా సెల్లెమ్మా, కూకో. మనూరి మనిసిని సూసి ఎన్నాళ్ళయిపోనాదో!"

బాబ్జీ ట్రే సర్దుకునేలోపు ఊరికే కూర్చోవడం చేతకాని బంగారమ్మ, ఎదురుగా ఉన్న చిల్లర డబ్బాలో చేయి పెట్టింది. బియ్యంలో రాళ్ళేరినట్టు నాలుగు నాణేలు పక్కకు తోసింది. చేయి ఆగిపోయింది.

"అల్లుడుగారూ! చిల్లుకాణీ!"

నడుమ ఇంత బెజ్జంతో, రాగి ఉంగరంలాంటి పాత కాణీ. ఆవిడ గొంతు హాలంతా వినబడింది. గుమ్మం వెనక గొంతు ఏమైపోయిందో!

"మా మామ్మ రోజూ ఒకటిచ్చేదండి. దీనికి గుప్పెడు జీళ్ళొచ్చేయి. కొట్టుకెళ్ళేదాకా చిటికినేలికి ఉంగరంలా పెట్టుకునేదాన్ని." పెట్టుకుని చూసింది. గోరు దాటి పోలేదు. "అప్పుడు మొదలంటా పోయేదండి" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని దాచుకోలేదు కూడా.

"రెండు డాలర్లు సెల్లెమ్మా" అన్నాడు యర్రయ్య.

కళ్ళలో నీళ్ళు ఇట్టే ఆరిపోయాయి. "రెండు డాలర్లా? చిల్లుకాణీకి కొరగాడు అని తిట్టేది దేన్ని చూసనుకున్నారు అన్నయ్యగారూ? ఒకటిస్తాను. బోణీ బేరం, కాదనకండి."

మధ్యాహ్నం కావస్తున్నా బోణీ ఎక్కడిదని యర్రయ్య వాదించి చూశాడు. మండపేట సంతలో బేరమాడిన మనిషి ముందు ఆ వాదన నిలవలేదు. ఒక డాలరుకే ఇచ్చేశాడు.

ఈలోగా బాబ్జీ క్లబ్బువాళ్ళ బల్ల మీద ట్రే పెట్టాడు. నిండిన గుంటల మధ్య ఆ ఒక్క ఖాళీ, ఊడిన ముందుపన్నులా కనబడుతోంది. యర్రయ్య వచ్చి, ‘నిండు ట్రే అన్నావు కదా’ అన్నట్టు చూశాడు. బాబ్జీ తల వంచుకుని, ముడుపు సంగతి మొత్తం చెప్పేశాడు. వెనకే వచ్చిన బంగారమ్మ అల్లుడి వంచిన తలను చూసింది. ఇంకేం అనకుండా నడుం దగ్గరి ముడుపు తీసి, కళ్ళకద్దుకుని, తన చేత్తోనే ఆ గుంటలో పెట్టింది.

"విప్పకూడదు గానండి, స్వామి దీన్ని చూపించకూడదనలేదు" అంది.

తెల్లగడ్డం పెద్దాయన వచ్చాడు. అన్నిటినీ భూతద్దంతో చూసి, పసుపు మూట దగ్గర ఆగాడు. ఇదేమిటన్నట్టు వేలు చాపాడు. యర్రయ్య క్షణం కూడా ఆలోచించలేదు.

"అంకుల్, ముట్టుకోకండి లా. గాడ్ ఆల్రెడీ చోప్" అన్నాడు.

పెద్దాయన మూటని చూశాడు, దాని మీది బొట్టును చూశాడు. అర్థమైందన్నట్టు గంభీరంగా తలూపి చేయి వెనక్కి తీసుకున్నాడు. టిష్యూ ప్యాకెట్‌ను గౌరవించినవాడు దేవుణ్ణి గౌరవించడా! ఆ రోజు ఆ బల్ల దగ్గర అందరికన్నా ఎక్కువమంది చూసింది, ఎవరికీ కనబడని ఆ నాణేన్నే. చూపించడానికి ఏమీ లేకపోయినా బాబ్జీ ఛాతీ రెండంగుళాలు పొంగింది.

సర్దుకునే వేళ అత్తగారి కోసం చూస్తే ఆవిడ మళ్ళీ డబ్బా దగ్గరే ఉంది. అల్లుడి భూతద్దం ఆవిడ చేతిలో ఉంది.

"వెళ్దామాండీ? మాలిని భోజనానికి చూస్తుంటుంది."

"ఒక్క నిమిషవండి" అంది బంగారమ్మ తలెత్తకుండా. "అడుగున ఇంకా ఉన్నాయి."

వెళ్ళే రోజు ఎయిర్‌పోర్టులో బంగారమ్మ కూతుర్ని కావిలించుకుంది. అల్లుడి ఎదుటికొచ్చి నేరుగా అడిగింది.

"వదిలిందాండీ?"

ముడుపు అలమరలోనే ఉంది. ఔనంటే అది ఇప్పుడే ఆవిడ సంచీలో తిరుపతి బయల్దేరాలి. బాబ్జీ ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఈవిడతో అబద్ధం ఆడకూడదని హాలు గుమ్మంలోనే అనుకున్నాడు.

"లేదండి" అన్నాడు.

బంగారమ్మ నిట్టూర్చింది. "స్వామికి వేరే పనులున్నాయేమో" అని, చిల్లుకాణీలు పోసుకున్న చిన్న సంచీని ఒకసారి గలగలలాడించి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం మండపేట నుంచి ఫోనొస్తుంది. ముందు ఆ వారం డబ్బా అడుగున ఏం దొరికాయో చెప్పాలి. చిల్లుకాణీల్లో కిరీటం బొమ్మ రెండు మూడు రకాలుంటుందని యర్రయ్య చెప్పినప్పటినుంచి, తన దగ్గర లేని కిరీటం కోసం ఆవిడకు నిద్ర పట్టడం లేదు. అవన్నీ అయ్యాక గొంతు తగ్గించి అడుగుతుంది.

"మీకా పిచ్చి ఎలా ఉందండి? ఏవన్నా తగ్గుతోందా?"

"లేదండి. అలాగే ఉంది."

"హమ్మయ్య" అంటుంది బంగారమ్మ. "జాగ్రత్తండి అల్లుడుగారూ. తగ్గితే నాణెం కొండకెళ్ళిపోద్ది."